తేదీ ముందే తెలుసు కదా, మరి వైటూకేకి అమెరికా "ఎమర్జెన్సీ" డబ్బు ఎందుకు ఇచ్చింది?

చిక్కడపల్లి కుర్రోడు

అందరికీ నమస్కారం. పబ్లిక్ ఫైనాన్స్ పేపర్‌కి చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను, ఎవరైనా తెలిసినవాళ్లు చెప్తారని అడుగుతున్నా. 1998 అక్టోబర్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక భారీ ఖర్చుల చట్టం పాస్ చేసింది. అందులో ప్రభుత్వ కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాయడం వల్ల వచ్చే 2000 సంవత్సరం సమస్య, అదే వైటూకే, సరిచేయడానికి 335 కోట్ల డాలర్లు ఎమర్జెన్సీ నిధి కింద పెట్టారు. రక్షణ శాఖకి 110 కోట్లు, మిగతా శాఖలన్నిటికీ కలిపి 225 కోట్లు.

తుఫాను ఎమర్జెన్సీ, భూకంపం ఎమర్జెన్సీ, అర్థమవుతుంది. 1999 డిసెంబర్ 31 తర్వాత ఏ రోజు వస్తుందో ఎల్‌కేజీ పిల్లాడు కూడా చెప్తాడు కదండీ, దానికి ఎమర్జెన్సీ ఏంటి? మామూలు బడ్జెట్‌లో ఎందుకు పెట్టుకోలేదు? ఇంకోటి, మా బాబాయ్ 1999లో అమెరికా వెళ్లిన బ్యాచ్. ఈ విషయం ఎత్తగానే "ఆ డబ్బుతోనేరా మేమంతా ఇక్కడికొచ్చింది" అంటున్నాడు. మా రూమ్మేట్ ఏమో అదంతా కన్సల్టెన్సీలు కలిసి చేసిన హైప్, జనవరి 1న ఏమైంది చెప్పు, ఏం కాలేదుగా అంటాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్?

లెడ్జర్ రావు

తమ్ముడూ, నువ్వు అడిగిన మొదటి ప్రశ్నకి జవాబు కంప్యూటర్లలో లేదు, వాళ్ల బడ్జెట్ రూల్స్‌లో ఉంది.

1990లో వాళ్లు బడ్జెట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ యాక్ట్ అని ఒకటి తెచ్చుకున్నారు. దాని ప్రకారం ఏటా కాంగ్రెస్ ఓటేసి మంజూరు చేసే ఖర్చుకి ఒక సీలింగ్ ఉండేది. 1997లో ఆ సీలింగుల్ని 2002 దాకా పొడిగించారు కూడా. సీలింగ్ దాటితే ఆ రకం పద్దులన్నిటిలోనూ కోత పడేది. కానీ అందులోనే ఒక తలుపు వదిలిపెట్టారు. ఒక ఖర్చుని అధ్యక్షుడూ కాంగ్రెస్సూ ఇద్దరూ ఎమర్జెన్సీ అని ముద్ర వేస్తే ఆ మేరకు సీలింగ్ దానంతట అదే పైకి జరిగేది, ఇంకో పద్దులో కోసి సర్దాల్సిన పని ఉండేది కాదు. కాబట్టి ఆ ముద్ర పడటానికి తేదీ ముందే తెలుసా లేదా అన్నది అడ్డు కాలేదు, ఆ డబ్బుని వేరేచోట కోయకుండా ఇవ్వాలా వద్దా అన్నదే అసలు గొడవ.

నీ అనుమానం అప్పుడు వాళ్లకీ వచ్చింది. 1991లోనే వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు, అదే ఓఎంబీ, ఎమర్జెన్సీ ఖర్చు అంటే అవసరమైనది, హఠాత్తుగా వచ్చినది, ఆలస్యం తట్టుకోలేనిది, ముందు ఊహించలేనిది, శాశ్వతం కానిది అని ఒక కొలత పెట్టుకుంది. వైటూకే ఆ కొలతలో అవసరం, తొందర, తాత్కాలికం అన్నవాటికి సరిపోతుంది. హఠాత్తు, ఊహించలేనిది అన్న రెండిటికీ ఏ రకంగానూ సరిపోదు. అందుకే 1998లో క్లింటన్ ప్రభుత్వం ఈ డబ్బు అడిగినప్పుడు, ఇస్తే ఇద్దాం గానీ అంతకు సమానంగా ఇంకోచోట కోయండి అని రిపబ్లికన్లలో ఒక వర్గం పట్టుబట్టింది. ఆ ఏడాదే 1969 తర్వాత మొదటిసారి వాళ్ల బడ్జెట్ మిగులు చూపించింది. ఆ మిగులు సోషల్ సెక్యూరిటీకి, అంటే వాళ్ల వృద్ధాప్య పెన్షన్ పథకానికి, దాచాలని ఒకరు, పన్నులు తగ్గించాలని ఇంకొకరు. చివరికి అక్టోబర్ 21న క్లింటన్ సంతకం చేసిన చట్టంలో ఎమర్జెన్సీ పేరుతో పెట్టిన మొత్తం దాదాపు 2,100 కోట్ల డాలర్లు. అందులో వైటూకే ఒక ముక్క. రైతులకి సాయం, బోస్నియా సైనిక ఖర్చు, నైరోబీ, దార్ ఎస్ సలామ్ ఎంబసీల మీద బాంబు దాడుల తర్వాత భద్రత, అన్నీ ఆ తలుపులోంచే వెళ్లాయి.

మామూలు బడ్జెట్‌లో ఎందుకు పెట్టలేదంటావా, నా లెక్క ప్రకారం కారణం చాలా సాదాసీదా. 1999 ఆర్థిక సంవత్సరం అంచనాలు శాఖలు తయారుచేసేది 1997లో. అప్పటికి చాలా శాఖలకి తమ దగ్గర ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయో లిస్టే పూర్తి కాలేదు. 1997 ఫిబ్రవరిలో ఓఎంబీ చెప్పిన మొత్తం ఖర్చు 230 కోట్ల డాలర్లు. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చే ప్రతి రిపోర్టులోనూ పెరుగుతూ పోయి 1999 చివరికి 800 కోట్లు దాటింది. అంచనా అలా పరిగెడుతుంటే ఏ పద్దు కింద ఎంత రాస్తావు?

ఇంకొక్క మాట, పరీక్షలో పనికొస్తుంది. దీన్ని మన ఆర్టికల్ 267 కంటింజెన్సీ ఫండ్‌తో కలపొద్దు. మనది ముందే పక్కన పెట్టి ఉంచిన నిధి, వాడాక పార్లమెంటు దగ్గర ఆమోదం తీసుకుని తిరిగి నింపుతారు. వాళ్లది సీలింగ్ నుంచి మినహాయింపు. ఆ 225 కోట్లు కూడా శాఖలకి నేరుగా పంచలేదు, ఓఎంబీ దగ్గర ఒక ఖాతాలో పెట్టారు. ఏ శాఖకి ఎంత, దేనికి అని కాంగ్రెస్ కమిటీలకి ముందు పంపి, తర్వాతే వదిలేవాళ్లు.

పాత కోబాల్

రావు గారు బడ్జెట్ సంగతి చెప్పేశారు, డబ్బు ఎక్కడికి పోతుందో నేను చెప్తా. 1997 నుంచి హైదరాబాద్‌లో ఇదే పని చేశాను, క్లయింట్ అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా మెయిన్‌ఫ్రేమ్, అంటే ఆ పెద్ద కంప్యూటర్ల రోగం ఒకటే.

అందరూ 99 తర్వాత 00 వస్తుంది, అంతే కదా, రెండంకెలు నాలుగు చేస్తే సరి అనుకుంటారు. అంత సుఖమా! మొదట తేదీలు ఎక్కడున్నాయో వెతకాలి. ఫీల్డ్ పేరులో డేట్ అనో ఇయర్ అనో ఉంటే అదృష్టం, చాలాచోట్ల టెంప్1, టెంప్2 అని ఉంటుంది, రాసినవాడు ఎప్పుడో రిటైరైపోయాడు. కొన్ని ప్రోగ్రాములకి సోర్స్ కోడే ఉండదు, నడిచే మాడ్యూల్ మాత్రం రోజూ రాత్రి నడుస్తూనే ఉంటుంది. ఇంకొన్నిచోట్ల 99 అంటే సంవత్సరం కాదు, "ఎప్పటికీ ముగియదు" అని. టేపు మీద గడువు 99365 అని రాస్తే దాన్ని ఎప్పటికీ చెరపొద్దని అర్థం, ఐబీఎం మెషీన్లు వాడే ఆఫీసుల్లో చాలామంది అలాగే రాసేవాళ్లు. మరి నిజంగా 1999లో 365వ రోజు వచ్చినప్పుడు ఏం చేస్తావు? 00 అంటే కొన్ని ఫైళ్లలో "తేదీ తెలియదు" అని. దానికితోడు 2000 లీపు సంవత్సరమా కాదా అన్న గొడవ. వందతో భాగితమైతే కాదు అన్న రూలు దాకా గుర్తుపెట్టుకుని, నాలుగు వందలతో భాగితమైతే అవును అన్నది వదిలేసినవాళ్లు బోలెడుమంది.

ఇవన్నీ కనిపెట్టి మార్చడం ఒకెత్తు, టెస్టింగ్ ఇంకో ఎత్తు. ఖర్చులో సగం పైన అక్కడే పోయేది. మెషీన్ గడియారం ముందుకి జరిపి చూడాలంటే నడుస్తున్న మెషీన్‌లో చేయలేవు, వేరే మెషీన్ కావాలి. డేటా కాపీ కావాలి, పక్క సిస్టమ్ వాళ్లు కూడా అదే రోజు సిద్ధంగా ఉండాలి. 1998 అక్టోబర్‌లో డబ్బు చేతికొస్తే మిగిలింది పధ్నాలుగు నెలలు. ప్రభుత్వమే తన ముఖ్యమైన సిస్టమ్స్‌కి 1999 మార్చి 31 గడువు పెట్టుకుంది, అంటే ఆర్నెల్లు కూడా లేవు. ఆ తొందరలో మనిషి గంటకి అడిగినంతా ఇవ్వాల్సిందే. అదే పని 1993లో మొదలుపెడితే ఎంత తక్కువలో అయ్యేదో ఆలోచించండి.

దీనికి సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు 1989లోనే మొదలుపెట్టింది, 3 కోట్ల లైన్లకి పైగా కోడ్. స్టీఫెన్ హార్న్ అని కాలిఫోర్నియా కాంగ్రెస్ సభ్యుడు, అంతకుముందు యూనివర్సిటీ ప్రెసిడెంటు, శాఖలన్నిటికీ స్కూల్ పిల్లలకిచ్చినట్టు గ్రేడ్లు ఇచ్చేవాడు. 1996లో ఇచ్చిన మొదటి లిస్టులోనే సోషల్ సెక్యూరిటీకి "A" గ్రేడు వచ్చింది, రవాణా శాఖకి, ఇంధన శాఖకి "F", అంటే ఫెయిల్. ముందు మేలుకున్నవాడు మామూలు బడ్జెట్‌లోనే చాలావరకు లాగించేశాడు. పడుకున్నవాడికి ఎమర్జెన్సీ డబ్బు కావాల్సొచ్చింది. చదువుకున్నవాడికి శిక్ష, చదవనివాడికి గ్రేస్ మార్కులు. నాకు ఇందులో ఇప్పటికీ మంట పుట్టేది అదొక్కటే.

మొహమాటం లేని మనిషి

బాగా చెప్పారు గానీ రూమ్మేట్ అడిగిన ప్రశ్న దాటేశారు. ఇటలీ చాలా ఆలస్యంగా మొదలుపెట్టింది, ఖర్చూ తక్కువే. రష్యా అయితే ఇంకా వెనక. అక్కడ కూడా జనవరి 1న లైట్లు వెలిగాయి, విమానాలు ఎగిరాయి. అమెరికాలో ప్రైవేటూ ప్రభుత్వమూ కలిపి 10,000 కోట్ల డాలర్లు అవుతుందని వాళ్ల వాణిజ్య శాఖే లెక్కేసింది. అంత పోసి "ఏం కాలేదు చూశారా, డబ్బు పనిచేసింది" అంటే, వాన పడలేదు కాబట్టి గొడుగు పనిచేసింది అన్నట్టే ఉంది. పైగా ఎమర్జెన్సీ డబ్బు అనేసరికి ప్రతి ఆఫీసూ తనకి కావాల్సిన కొత్త కంప్యూటర్లన్నీ వైటూకే పేరుతో కొనేసి ఉంటుంది. మన దగ్గర మార్చి నెలాఖరులో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పాత కోబాల్

మొహమాటం లేని మనిషి గారూ, కొత్త మెషీన్ల సంగతి ఒప్పుకుంటా. పాతదాన్ని సరిచేసేకంటే తీసేసి కొత్తది పెట్టడమే చౌక అని చాలాచోట్ల అదే చేశారు, ఆ వంకతో నాలుగు ఎక్కువ కొన్నవాళ్లూ ఉండే ఉంటారు. కానీ "ఏం కాలేదు" అన్నది మాత్రం నిజం కాదు, మీకు టీవీలో కనపడలేదు, అంతే.

అమెరికా గూఢచారి ఉపగ్రహాల సమాచారాన్ని నేల మీద ప్రాసెస్ చేసే ఒక కేంద్రం సరిగ్గా ఆ రాత్రే ఆగిపోయింది. కొన్ని గంటలు పూర్తిగా, తర్వాత కొన్ని రోజులు అరకొరగా నడిచింది. పెంటగాన్ తనే ఒప్పుకుంది. విచిత్రం ఏంటంటే వైటూకే కోసం పెట్టిన ప్యాచ్, అంటే సరిదిద్దే కోడ్ ముక్క, వల్లే అది పడిపోయింది. అంటే టెస్టింగ్‌కి అంత డబ్బు ఎందుకో అర్థమైందా? అమెరికా నేవీ అబ్జర్వేటరీ, దేశానికి అధికారిక సమయం చెప్పే ఆఫీసు, వాళ్ల వెబ్‌సైట్‌లో సంవత్సరం 19100 అని చూపించింది. అది నవ్వుకునేది. నవ్వుకోలేనిది ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో జరిగింది. గర్భిణుల వయసు తప్పుగా లెక్కేసి డౌన్ సిండ్రోమ్ పరీక్షల్లో 150 మందికి పైగా ఆడవాళ్లకి తప్పు రిస్కు చెప్పింది ఒక ల్యాబ్ సాఫ్ట్‌వేర్. జనవరిలో మొదలైతే మే నెల దాకా ఎవరూ పట్టుకోలేదు.

నిజానికి వైటూకే డిసెంబర్ 31 రాత్రి ఒక్కటే కాదు. నిరుద్యోగ భృతి చూడండి. అక్కడ దరఖాస్తు పెట్టినరోజు నుంచి ఏడాది ముందుకి లెక్కేస్తారు, కాబట్టి ఆ సిస్టమ్స్‌కి 2000 అనేది 1999 జనవరి మొదటి వారంలోనే వచ్చేసింది. సిద్ధంకాని కొన్ని రాష్ట్రాలు ఏం చేశాయంటే, భృతి సంవత్సరం 1999 డిసెంబర్ 31తోనే ముగుస్తుందని తాత్కాలికంగా కంప్యూటర్లో ఎక్కించి పని గడిపేశాయి! ఇలాంటి అడ్డదారులు కనిపెట్టడానికి కూడా తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి.

ఇటలీ మాట నిజమే, దాన్ని తోసేయను. చిన్న దేశాలూ ఆలస్యంగా మేలుకున్నవాళ్లూ వాడేది చాలావరకు రెడీమేడ్ ప్యాకేజీలే. వాటిని తయారుచేసిన కంపెనీలు అప్పటికే సరిచేసి పంపేశాయి, కాబట్టి ఒకరి ఖర్చు ఇంకొకరికి ఉచితంగా కలిసొచ్చింది. అమెరికా ప్రభుత్వం దగ్గర మాత్రం తమకోసం తామే రాసుకున్న పాత కోడ్ కుప్పలుగా ఉండేది. ముసలివాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా, మెడికేర్ సంగతే తీసుకోండి, బిల్లులు చెల్లించే పని డజన్లకొద్దీ ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేది, ఎవరి సిస్టమ్ వాళ్లది.

డల్లాస్ అక్క

అందరూ ఖర్చు గురించే మాట్లాడుతున్నారు, ఆ కుర్రాడు అడిగిన బాబాయ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. చెప్తా విను నాన్నా.

మీ బాబాయ్ మాట సగం నిజం, ఆ సగం చాలామందికి తెలియనిది. రావు గారు చెప్పిన అక్టోబర్ 21 చట్టం వేల పేజీల మూట. అందులో ఎన్నో చట్టాలు కట్టి పడేశారు. హెచ్‌1బీ వీసాల సీలింగ్‌ని ఏడాదికి 65,000 నుంచి 1,15,000కి పెంచిన చట్టం కూడా ఆ మూటలోనే ఉంది. 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి 1,15,000, ఆ తర్వాతి ఏడాదికి 1,07,500 అని రాశారు. 2000లో మళ్లీ మార్చి 1,95,000 చేశారు. అంటే వైటూకేకి డబ్బు, ఆ డబ్బుతో చేసే పనికి మనుషులు, రెండూ ఒకే సంతకంతో వచ్చాయి. క్లింటన్ ఆ సంతకం పెట్టిన నెల రోజులకే హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయి ప్రారంభించారు. అమీర్‌పేట గోడల మీద అప్పుడు కోబాల్, జేసీఎల్, డీబీ2 లాంటి మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల పోస్టర్లు తప్ప సినిమా పోస్టర్లకి చోటుండేది కాదు. బీకాం చదివినవాళ్లు, సివిల్ ఇంజనీర్లు, లెక్కల లెక్చరర్లు అందరూ అక్కడే. నేను కూడా ఆ గుంపులో మనిషినే.

మిగతా సగం ఎందుకు నిజం కాదంటే, ఎమర్జెన్సీ నిధి ఫెడరల్ శాఖలకి, రక్షణ శాఖకి పోయింది. అక్కడ చాలా పనులకి సెక్యూరిటీ తనిఖీలు, పౌరసత్వం అడుగుతారు. హెచ్‌1బీ మీద వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది బ్యాంకులు, ఇన్సూరెన్స్, రిటైల్, టెలికాం కంపెనీల్లో చేశారు, కొందరు రాష్ట్ర ప్రభుత్వాల దగ్గర. ఆ రూలు అందరూ పాటించారని మాత్రం చెప్పను. విమానాల రాకపోకలు చూసే ఎఫ్‌ఏఏ వైటూకే కోడ్ పనిలో విదేశీయుల్ని సరైన బ్యాక్‌గ్రౌండ్ చెక్ లేకుండా వాడారని, అది భద్రతకి ముప్పని జీఏఓ, అంటే వాళ్ల కాగ్ అనుకో, 1999 చివర్లో రిపోర్టే రాసింది. పని తొందరలో చేస్తే రూల్స్ అలాగే జారిపోతాయి.

ఇంకో సంగతి కూడా మీ బాబాయ్‌ని అడుగు, 2000 మార్చి తర్వాత ఏమైందని. వైటూకే కాంట్రాక్టులు అయిపోయాయి, ఏడాది తిరక్కముందే డాట్‌కామ్ కూలింది. కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో ఒక గదిలో ఐదారుగురు ప్రాజెక్టు లేక బెంచ్ మీద, జీతం లేదు, వీసా టెన్షన్. జావా నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు, కోబాల్ ఒక్కటే పట్టుకున్నవాళ్లలో చాలామంది వెనక్కి వచ్చేశారు. ఎమర్జెన్సీ డబ్బు గురించి రాసేటప్పుడు ఆ డబ్బు ఆగిపోయిన రోజు గురించి ఎవరూ రాయరు.

చిక్కడపల్లి కుర్రోడు

అక్కా, ఒకే చట్టంలో రెండూ ఉన్నాయన్నది నిజంగా తెలియదు, బాబాయ్‌కి కూడా తెలియదంట, ఇప్పుడే ఫోన్ చేశా. బెంచ్ సంగతి అడిగితే మాత్రం మాట మార్చాడు :) ఇంకొక్క డౌట్. 2038లో మళ్లీ ఇలాంటిదే వస్తుందంటున్నారు కదా, దానికి కూడా చివర్లో ఎమర్జెన్సీ ఫండేనా? వైటూకే నుంచి ఏమైనా నేర్చుకున్నారా అసలు?

లెడ్జర్ రావు

డబ్బు వైపు కొంత నేర్చుకున్నారు. పాత సిస్టమ్స్ మార్చడానికి 2017లో టెక్నాలజీ మోడర్నైజేషన్ ఫండ్ అని ఒక నిధికి చట్టం చేశారు, శాఖలు ప్రాజెక్టు చూపించి అందులోంచి తీసుకునేలా పెట్టారు. మొదట్లో దానికి చిల్లర విదిల్చారు. 2021లో కోవిడ్ సాయం చట్టంలో ఒకేసారి 100 కోట్ల డాలర్లు పడ్డాయి. చూశావుగా, మళ్లీ ఎమర్జెన్సీ చట్టం వస్తేగానీ మామూలు పనికి డబ్బు రాలేదు.

పాత కోబాల్

2038 లెక్క వేరు. యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతారు, దాన్ని 32 బిట్లలో పెడితే 2038 జనవరి 19న, మన టైమ్ ప్రకారం ఉదయం 8:44 దాటాక నిండిపోతుంది, తర్వాతి సెకను 1901కి దూకుతుంది. పెద్ద సర్వర్లు ఎప్పుడో 64 బిట్లకి మారాయి, 32 బిట్ల మెషీన్ల కోసం లినక్స్ కెర్నల్‌లో కూడా 2020లో ఆ పని ముగించారు. మిగిలేవి గోడల్లో, మీటర్లలో, ఫ్యాక్టరీల్లో పెట్టి మర్చిపోయిన చిన్న బోర్డులు, పాత ఫైల్ ఫార్మాట్లు.

నన్నడిగితే నేను భయపడేది దానికంటే వైటూకేలో మేమే చేసిన అడ్డదారికి. టైమ్ లేక చాలాచోట్ల నాలుగంకెలు చేయలేదు, విండోయింగ్ చేశాం. అంటే రెండంకెల సంవత్సరం ఒక హద్దు కంటే తక్కువైతే 20తో, ఎక్కువైతే 19తో మొదలైనట్టు లెక్క. ఆ హద్దు ఎంత పెట్టాలన్నది ఒక్కో టీమ్ ఇష్టం. 20 పెట్టినవాళ్లకి 2020లో వచ్చింది, 30 పెట్టినవాళ్లకి 2030లో వస్తుంది, అప్పటికి ఈ సిస్టమ్ ఉండదులే అనే ధీమా. 2020లో కోవిడ్ వచ్చి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, న్యూజెర్సీ గవర్నర్ టీవీలో నిలబడి కోబాల్ తెలిసిన వాలంటీర్లు కావాలని అడిగాడు. ఉండదులే అనుకున్న సిస్టమ్స్ ఉన్నాయనే కదా అర్థం.

కాబట్టి తమ్ముడూ, నీ పేపర్‌లో 335 కోట్లతో సమస్య తీరింది అని రాయకు. కొంత తీరింది, కొంత వాయిదా పడింది అని రాయి. ఆ వాయిదా పద్దు ఏ బడ్జెట్‌లోనూ కనపడదు, రావు గారు ఏమంటారో.

లెడ్జర్ రావు

కనపడదు. అంచనా వేసి కాగితం మీద పెట్టమన్నవాళ్లూ లేరు.